ఏసీ ఇంజనీర్ల సొసైటీ సైటు మీద ఏం పనికొస్తుంది?

విశాఖలో వెయ్యి చదరపు అడుగుల ఆఫీసుకి ఎన్ని టన్నుల ఏసీ కావాలని ముగ్గుర్ని అడగండి, మూడు జవాబులు వస్తాయి. ఏసీ టన్ను అంటే బరువు కాదు, సుమారు 3.5 కిలోవాట్ల వేడిని తీసేసే శక్తి. డీలరు వంద అడుగులకి టన్ను చొప్పున పది అంటాడు. కాంట్రాక్టరు కొటేషన్ తగ్గాలి కాబట్టి ఏడు చాలంటాడు. ఆర్కిటెక్టు గ్లాసు ఎక్కువుందని ఎనిమిదిన్నర దగ్గర ఆగుతాడు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం ఆడటం లేదు. లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్ల మధ్య ఒప్పందం లేదు, అంతే. బయటి గాలి ఎంత వేడి, ఎంత తేమ అనుకోవాలి, మనిషికి తాజా గాలి ఎంత ఇవ్వాలి, లోపల ఎన్ని డిగ్రీలు ఉంచాలి, ఇవి ముందే ఒకచోట రాసిపెట్టి ఉంటే గొడవ సగం తీరిపోతుంది. ఆ రాసిపెట్టే పని ఆష్రే (అమెరికా ఏసీ ఇంజనీర్ల సొసైటీ), ఇష్రే (మన దేశపుది) లాంటి సొసైటీలది. మెంబర్‌షిప్ కార్డు, డైరీ, ఎగ్జిబిషన్ పాసులు ఆ తర్వాతి సంగతి.

చరిత్ర రెండు ముక్కల్లో. అమెరికాలో 1894లో వేడి, వెంటిలేషన్ ఇంజనీర్లు ఒక సంఘం పెట్టుకున్నారు. 1904లో శీతలీకరణ ఇంజనీర్లు వేరే సంఘం పెట్టుకున్నారు. రెండూ 1959లో కలిసి ఆష్రే అయ్యాయి. మన దేశపు ఇష్రే 1981లో పుట్టింది, ప్రధాన కార్యాలయం ఢిల్లీలో. ఆష్రే హ్యాండ్‌బుక్ నాలుగు సంపుటాలు. ఏడాదికి ఒకటి చొప్పున తిరగరాస్తారు కాబట్టి ఏ పుస్తకమూ నాలుగేళ్లకి మించి పాతబడదు. స్టాండర్డులు రాసే కమిటీల్లో జీతం లేని వాలంటీర్లు కూర్చుంటారు. తయారీదార్లు, డిజైనర్లు, వాడేవాళ్లు ఏ ఒక్క వర్గమూ మిగతావాళ్లని మింగేయకుండా చూస్తారు. ముసాయిదాని అందరి ముందూ పెట్టి, వచ్చిన అభ్యంతరాలకి జవాబు చెప్పాకే ఖాయం చేస్తారు.

ఇవి చట్టాలు మాత్రం కావు. ప్రభుత్వం తన కోడ్‌లోకి తీసుకుంటేనో, టెండరులో ఒక లైను రాస్తేనో వాటికి బలం వస్తుంది. మనకి నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో ఎనిమిదో భాగం, మూడో సెక్షన్ ఏసీ, వెంటిలేషన్ గురించే. కనెక్టెడ్ లోడ్ (బిగించిన మొత్తం కరెంటు పరికరాల సామర్థ్యం) 100 కిలోవాట్లు, ఆపైన ఉండే కమర్షియల్ భవనాలకి ఈసీబీసీ అనే ఇంధన పొదుపు కోడ్ ఉంది. టెండరులో "స్టాండర్డు ప్రకారం" అని ఊరికే రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ స్టాండర్డు, ఏ సంవత్సరం ఎడిషన్ అన్నది పడాలి.

ఒక అంకె తీసుకుని దగ్గర నుంచి చూద్దాం. ఆష్రే 62.1 (వెంటిలేషన్ స్టాండర్డు) ఆఫీసుకి అడిగే తాజా గాలి మనిషికి సెకనుకి 2.5 లీటర్లు, దానికి తోడు చదరపు మీటరుకి 0.3 లీటరు. మధురవాడలో 100 చదరపు మీటర్ల ఆఫీసు, 20 మంది అనుకోండి. 20 మందికి 50, నేలకి 30, మొత్తం సెకనుకి 80 లీటర్లు. మన భాషలో దాదాపు 170 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు). బయట 34 డిగ్రీలు, వెట్ బల్బ్ (తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే ఉష్ణోగ్రత) 28. లోపల 24 డిగ్రీలు, 55 శాతం తేమ. సైక్రోమెట్రిక్ చార్ట్ (గాలి వేడి, తేమల పటం) మీద పెడితే బయటి గాలిలో కిలోకి 21.5 గ్రాముల నీరు ఉంది, లోపల ఉండాల్సింది 10.2. ఎంథాల్పీ (గాలిలో వేడి, తేమ కలిపిన మొత్తం శక్తి) తేడా కిలోకి 39 కిలోజౌళ్లు. సెకనుకి 80 లీటర్లంటే సుమారు 0.089 కిలోల గాలి, కాబట్టి లోడు 3.5 కిలోవాట్లు. అచ్చంగా ఒక టన్ను. గోడలు, గ్లాసు, కంప్యూటర్లు, మనుషులు ఏవీ ఇంకా లెక్కలోకి రాలేదు, ఇది తాజా గాలి ఒక్కదానికే. అందులోనూ నాలుగింట మూడు వంతులు తేమ తీయడానికే పోతుంది. గంటకి 3.6 లీటర్ల నీరు కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) మీద నుంచి కారుతుంది. ఎనిమిది గంటల డ్యూటీలో 29 లీటర్లు, అంటే ఒకటిన్నర వాటర్ క్యాన్లు.

వంద అడుగులకి టన్ను అనే సూత్రంలో ఈ నీళ్ల ఊసే లేదు. పైగా ఊళ్లో బిగించే స్ప్లిట్ ఏసీల్లో చాలావరకు తాజా గాలి ఇవ్వవు, ఉన్న గాలినే తిప్పుతుంటాయి. మధ్యాహ్నం మూడింటికి ఆఫీసు మొత్తం ఆవులిస్తుంటే తప్పు భోజనానిదని అందరూ అనుకుంటారు.

వైజాగ్‌లో ఇంకో మెలిక. 34 డిగ్రీల మధ్యాహ్నం గాలి ఎంథాల్పీ కిలోకి 89 కిలోజౌళ్లయితే, వానాకాలం రాత్రి 30 డిగ్రీలు, 90 శాతం తేమ ఉన్న గాలిది 92. థర్మామీటరు నాలుగు డిగ్రీలు తక్కువ చూపిస్తుంది, కాయిల్ మీద భారం మాత్రం ఎక్కువ. లోపలి జిల్లాల్లో 42 డిగ్రీల ఎండ, 24 వెట్ బల్బ్ అయితే 72 దగ్గరే ఆగుతుంది. అందుకే హ్యాండ్‌బుక్‌లో ఊరి డిజైన్ వాతావరణం చూసేటప్పుడు డ్రై బల్బ్ (మామూలు థర్మామీటరు రీడింగు) వరసతో సరిపెట్టుకోకూడదు. డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) గరిష్ఠంగా ఉండే వరస పక్కనే వేరుగా ఉంటుంది, తాజా గాలి కాయిల్‌ని దానితో ఎంచుకోవాలి. ఆ వరసల మీద కనిపించే 0.4 శాతం అంటే ఏడాదిలో 35 గంటలే ఆ అంకె దాటుతుందని.

అలాగని భయపడి పెద్ద మిషన్ పెడితే ఇంకో తంటా. టన్నులు ఎక్కువైన ఫిక్స్‌డ్ స్పీడ్ (ఇన్వర్టర్ కాని) మిషన్ పది నిమిషాల్లో 24 కొట్టేసి కంప్రెసర్ ఆపేస్తుంది. బ్లోయర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కాయిల్ మీద పట్టిన నీరు ట్రేలోకి జారకముందే మళ్లీ గదిలోకే ఆవిరవుతుంది. గది చల్లగా ఉంటుంది, చొక్కా ఒంటికి అంటుకుంటుంది. రిమోట్‌ని 20కి దింపుతారు, బిల్లు పెరుగుతుంది, ఫైళ్లకి బూజు పడుతుంది.

ఫాల్స్ సీలింగ్‌లో డక్టుకి చెమట పట్టడం కూడా ఈ లెక్కే. డక్టులో గాలి 13 డిగ్రీలు. బయట 34 డిగ్రీలు, 64 శాతం తేమ ఉన్నప్పుడు డ్యూ పాయింట్ 26, దానికి నైట్రైల్ రబ్బరు ఇన్సులేషన్ 7 మిల్లీమీటర్లున్నా లెక్క సరిపోతుంది. అదే 30 డిగ్రీలు, 90 శాతం అయితే డ్యూ పాయింట్ 28.2. ఉపరితలం చుట్టుపక్కల గాలి కంటే రెండు డిగ్రీలు కూడా చల్లబడకూడదు, కాబట్టి మందం 34 మిల్లీమీటర్ల దాకా పోతుంది. పైన మెరిసే అల్యూమినియం ఫాయిల్ ఉంటే ఇంకా ఎక్కువ కావాలి. ఫాయిల్ చుట్టుపక్కల నుంచి రేడియేషన్ వేడిని తీసుకోదు, ఉపరితలం మరింత చల్లబడుతుంది. 19 మిల్లీమీటర్లు వేసి ఏప్రిల్‌లో హ్యాండోవర్ ఇచ్చిన పని ఆగస్టులో జిప్సం బోర్డు మీద గోధుమరంగు మరకలై బయటపడేది ఇందుకే. డ్రైన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బ్లోయర్ కాయిల్ తర్వాత ఉండే ఏహెచ్‌యూలో (గాలిని చల్లబరిచి డక్టులోకి పంపే పెద్ద యూనిట్‌లో) ట్రే దగ్గర గాలి లోపలికి లాగుతుంటుంది. డ్రైన్ పైపులో యూ ట్రాప్ (నీరు నిలిచే యూ ఆకారపు వంపు) లేకుంటే నీరు పైపులోకి దిగదు, ట్రే నిండి పొర్లుతుంది. వాలు ఎంత పెంచినా ఫలితం ఉండదు.

టన్నులు తప్పితే డబ్బు పోతుంది, గ్యాసు లెక్క తప్పితే ప్రాణం మీదికొస్తుంది. ఆష్రే 34 ప్రతి రిఫ్రిజిరెంట్‌కీ (ఏసీలో తిరిగే గ్యాసుకి) ఒక తరగతి ఇస్తుంది. అక్షరం విషస్వభావానికి (ఏ తక్కువ, బీ ఎక్కువ), అంకె మంటకి (1 అంటే మంట వ్యాపించనిది, 3 బాగా మండేది). ఆర్-22, ఆర్-410ఏ రెండూ ఏ1. ఇప్పటి స్ప్లిట్లలో వచ్చే ఆర్-32 ఏ2ఎల్, అంటే నెమ్మదిగా మండేది. ఆర్-290 ప్రొపేన్, ఏ3. విశాఖ రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో తిరిగే అమ్మోనియా బీ2ఎల్, విషమూ ఉంది, మంటా ఉంది. అమ్మోనియాతో ఒక మేలు, కొద్దిగా లీకైనా ముక్కు పట్టేస్తుంది. 300 పీపీఎం అంటే తక్షణ ప్రాణాపాయ స్థాయి. వాసన అలవాటైన ఆపరేటర్ ముక్కుని మాత్రం నమ్మకూడదు, డిటెక్టర్ ఉండాల్సిందే.

ఏ1 అంటే నిర్భయంగా ఉండొచ్చని కాదు. వీఆర్ఎఫ్ సిస్టంలో (ఒకే అవుట్‌డోర్ యూనిట్‌తో చాలా గదులు నడిచేదానిలో) ఒకే పైపు లైను మీద ఇరవై గదులుంటాయి. ఒక గదిలో లీకైతే మొత్తం గ్యాసు ఆ గదిలోకే రావచ్చు. రంగు లేదు, వాసన లేదు, ఆక్సిజన్‌ని పక్కకి నెట్టేస్తుంది. ఆర్-410ఏకి పరిమితి ఘనపు మీటరుకి 420 గ్రాములు. పది బై పది, తొమ్మిది అడుగుల ఎత్తు గది 25.5 ఘనపు మీటర్లు, అంటే 10.7 కిలోలు. ఆసుపత్రికి ఆష్రే 15 (గ్యాసు భద్రత స్టాండర్డు) దీన్ని సగం చేస్తుంది, 5.3 కిలోలు. ఇరవై కిలోల ఛార్జి ఉన్న సిస్టంకి ఒక చిన్న పేషెంట్ రూం తగిలిస్తే అక్కడికక్కడే నిబంధన తప్పినట్టు. సిస్టంని రెండుగా విడగొట్టాలి, లేదా గదిని శాశ్వత ఓపెనింగ్‌తో పక్క గదికి కలపాలి. ఈ ఒక్క పేజీ లెక్క డ్రాయింగ్ సెట్‌లో కనపడకపోతే కన్సల్టెంట్‌ని అడగండి. ఆర్-32కి అదే గదిలో పరిమితి సుమారు 2 కిలోలు, ఆర్-290కి 240 గ్రాములు.

గ్యాసులు మారుతూనే ఉంటాయి. భూమిని వేడెక్కించే గ్యాసుల్ని తగ్గించే అంతర్జాతీయ ఒప్పందం కిగాలీ సవరణకి భారత్ 2021లో ఒప్పుకుంది. హెచ్ఎఫ్‌సీల (ఆర్-410ఏ, ఆర్-32 లాంటి గ్యాసుల) వాడకం 2028లో స్తంభించి, 2032 నుంచి తగ్గుతూ 2047 నాటికి 85 శాతం కోత పడాలి. ఈరోజు పనిలోకొచ్చిన మెకానిక్ తన ఉద్యోగ కాలంలో కనీసం ఇంకో రెండు గ్యాసులు నేర్చుకోవాలి. సొసైటీల మీద మా ఫిర్యాదు కూడా ఇక్కడే మొదలవుతుంది. కమిటీ గదిలో పుట్టిన అంకె ఇంగ్లీషు పీడీఎఫ్‌గా ఇంజనీర్ దగ్గర ఆగిపోతుంది. బ్రేజింగ్ (రాగి పైపులు అతికే) టార్చి పట్టుకునే కుర్రాడి దాకా రాదు. ఐటీఐలో ఎంఆర్ఏసీ (ఫ్రిజ్, ఏసీ మెకానిక్ కోర్సు) చదివి గాజువాకలో పనిలో చేరినవాడికి తెలుగులో నాలుగు పేజీలు ఇచ్చినా చాలు.

ఆ నాలుగు పేజీల్లో ముందు ఉండాల్సింది నైట్రోజన్. బ్రేజింగ్ చేసేటప్పుడు పైపులో సన్నగా నైట్రోజన్ పారకపోతే లోపల నల్లటి పొర కడుతుంది, అది తర్వాత ఎక్స్‌పాన్షన్ వాల్వు (గ్యాసు ప్రవాహాన్ని అదుపు చేసేది) జాలీలో చేరుతుంది. తర్వాత ప్రెషర్ టెస్టు. 40 బార్ల దగ్గర పెట్టిన నైట్రోజన్ ఒక్క డిగ్రీ చల్లబడితే 0.13 బార్ తగ్గుతుంది. సాయంత్రం 35, తెల్లారి 30 అయితే గేజిలో దాదాపు 10 పీఎస్ఐ పడిపోతుంది. అది లీకు కాదు. గేజి రీడింగుతో పాటు ఉష్ణోగ్రత రాసుకోని సైట్లలోనే ఈ విషయంపై పొద్దున్నే తగవు. తర్వాత వాక్యూమ్, 500 మైక్రాన్లకి (మైక్రాన్ అతి తక్కువ పీడనాన్ని కొలిచే కొలత) దింపాలి. మామూలు మానిఫోల్డ్ గేజి ఆ తేడా చూపించలేదు, మైక్రాన్ గేజి కావాలి. పంపు వాల్వు మూసి పది నిమిషాలు ఆగండి. కొంచెం పెరిగి నిలబడితే లోపల తేమ ఉంది. ఆగకుండా పెరుగుతూ పోతే లీకు. పంపే లేకుండా సిలిండర్ గ్యాసుతో లైనుని ఊదేసే అలవాటు ఆర్-22 రోజుల నుంచి వస్తోంది. ఆర్-32తో అది మండే గ్యాసుని బాల్కనీలోకి వదలడమే.

సముద్రం గురించి ఈ పుస్తకాలు తక్కువే చెబుతాయి. బీచ్ రోడ్డు వైపు అవుట్‌డోర్ యూనిట్‌లో రాగి ట్యూబు, అల్యూమినియం ఫిన్ కలిసిన చోట ఉప్పు తేమ తగిలితే అల్యూమినియం తినుకుపోతుంది. ఫిన్ పొడిలా రాలుతుంది, హెడ్ ప్రెషర్ (కంప్రెసర్ నుంచి బయటికొచ్చే గ్యాసు పీడనం) పెరుగుతుంది. నీలం రంగు ఫిన్ అంటే ఉప్పుకి పనికొచ్చే పూత అని అమ్మేవాళ్లు చెప్పేస్తారు, చాలావాటిలో అది నీరు జారడానికి వేసినది. ఫ్యాక్టరీలో మొత్తం కాయిల్‌కి వేసిన ఎపాక్సీ పూత అడగండి. నెలకోసారి మంచినీళ్లతో కడిగించండి. సాల్ట్ స్ప్రే టెస్టు గంటల్ని సంవత్సరాలుగా మార్చి చెప్పే సేల్స్ మాట పట్టించుకోకండి. మేడ మీద యూనిట్ల విషయానికొస్తే, భవనాల మీద గాలి భారం లెక్కకి మన స్టాండర్డు ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకి మూల గాలి వేగం సెకనుకి 50 మీటర్లు. అంటే గాలి ఒత్తిడి చదరపు మీటరుకి 1500 న్యూటన్లు. 0.9 బై 0.7 మీటర్ల యూనిట్ మీద 96 కిలోల తోపు, తీరప్రాంత తుఫాను గుణకం దీనికి అదనం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన ఊళ్లో ఇంకా రెండు ఇటుకల మీద యూనిట్ పెట్టేవాళ్లు ఉన్నారు.

సొసైటీ బాగా పనిచేస్తే ఎలా ఉంటుందో 2020 ఏప్రిల్‌లో కనపడింది. కోవిడ్‌లో ఏసీ వేయొచ్చా, కట్టేయాలా అని దేశమంతా అడుగుతుంటే ఇష్రే కొద్ది రోజుల్లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 24 నుంచి 30 డిగ్రీలు, 40 నుంచి 70 శాతం తేమ, వీలైనంత బయటి గాలి. ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో పట్టుకోవడానికి ఒక అంకె దొరికింది. హోటల్ హాల్లో ఒక కంపెనీ కొత్త మోడల్ గురించి నలభై స్లైడ్లు చూపించి భోజనం పెట్టే సాయంత్రాల విలువ మాత్రం ఆ భోజనం వరకే.

చేరాలనుకునే ఇంజనీరింగ్ విద్యార్థులు ముందు కాలేజీలో ఇష్రే స్టూడెంట్ చాప్టర్ ఉందేమో కనుక్కోండి, ఫీజు తక్కువ. మెంబర్ కాకపోయినా ఆష్రే 15, 34, 55, 62.1, 90.1 స్టాండర్డులు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా చదవొచ్చు. డౌన్‌లోడ్, ప్రింట్ కుదరదు, తెర మీద చదువుకోవడమే. 62.1 తెరిస్తే ముందు వెంటిలేషన్ రేట్ల టేబుల్‌లో మీ గది రకం ఏ వరసలో ఉందో చూడండి.