ఒక కోర్టు ఇచ్చిన బెయిల్ ఇంకో కోర్టు ఎలా తీసేస్తుంది?

మర్డర్ కేసులో ఉన్న కన్నడ హీరో దర్శన్‌కి బెయిల్ పోయిన దగ్గర్నుంచి బెంగళూరు మారతహళ్లిలో మన తెలుగోళ్లందరిదీ ఒకటే డౌటు, నేను నల్లకోటు వేసుకుంటానని నన్నే పట్టుకుంటారు, హైకోర్టు ఇచ్చాక సుప్రీంకోర్టు ఎట్లా తీసేస్తుందన్నా, అంటే ఒక జడ్జి తప్పా అని.

బెయిల్ దగ్గర జడ్జి తేల్చేది వీడు చంపాడా లేదా అని కాదండీ. బయటికి వదిలితే పారిపోతాడా, సాక్షుల జోలికెళ్తాడా, మళ్లీ అదే పని చేస్తాడా, నేరం ఎంత పెద్దది, పైపైన కనబడే ఆధారాలేంటి, లోపల ఎన్నాళ్లయింది, ఇవన్నీ చూస్తారు. దర్శన్‌కి 2024 డిసెంబర్ 13న హైకోర్టు ఇచ్చింది, 2025 ఆగస్టు 14న సుప్రీం కొట్టేసింది, ఎందుకంటే హైకోర్టు బెయిల్ స్టేజిలోనే సాక్షుల స్టేట్‌మెంట్లు తూకం వేసేసింది, అది కేసు విచారించే ట్రయల్ కోర్టు పని అని. బెయిల్ మీద బయటికొచ్చి వేషాలేస్తే రద్దు చేయడం వేరు, అసలు ఆ ఆర్డరే సరిగ్గా లేదని కొట్టేయడం వేరు. రెండోదాంట్లో మనిషి బయట ఎంత బుద్ధిగా ఉన్నా లాభం లేదు.

గంజాయి కేసుల్లో మాత్రం లెక్క తిరగబడుతుంది. 20 కేజీలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, అంటే వ్యాపారం స్థాయి సరుకు, మత్తుమందుల చట్టం ఎన్డీపీఎస్ సెక్షన్ 37 పడుతుంది, వీడు దోషి కాదనుకోడానికి గట్టి కారణాలున్నాయని జడ్జికి ముందే అనిపించాలి. ఫ్రెండ్ బ్యాగ్ రూమ్‌లో పెట్టుకోమన్నాడు సార్, అందులో ఏముందో తెలీదు అని ఏడ్చే పిల్లల తల్లిదండ్రులకి ఇది చెప్పడం నా వల్ల కాదు, సీనియర్‌కి వదిలేస్తా.

ఇంకోటుంది, డిఫాల్ట్ బెయిల్. మర్డర్ లాంటి కేసుల్లో 90 రోజుల్లో చార్జిషీటు పడకపోతే బెయిల్ హక్కు, కేసు ఎంత ఘోరమైనా సరే. కానీ అడగాలి, అదీ చార్జిషీటు పడేలోపే అడగాలి, అందుకే గడువు దాటిన పొద్దున్నే పిటిషన్ పట్టుకుని ఫైలింగ్ కౌంటర్ తెరవకముందే వెళ్లి నిలబడతాం.

ఇంతా చేసి ఆర్డర్ వచ్చాక అసలు తిప్పలు మొదలు. ష్యూరిటీ కావాలి, అంటే లోకల్‌గా పొలం పహణీ (భూమి రికార్డు) ఉన్నవాడు వచ్చి జామీను సంతకం పెట్టాలి. కదిరి నుంచి సెంట్రింగ్ పనికొచ్చినోడికి ఇక్కడ పహణీ ఉన్నోడు ఎవడు దొరుకుతాడు? మేస్త్రి ఫోనెత్తడు, ఇంటి ఓనరు మాకెందుకంటాడు, పరప్పన అగ్రహార జైల్లో మనిషి అట్లే ఉండిపోతాడు. 1978లోనే మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ గారు అడిగేశారు, ఆంధ్రావాడో మలయాళీయో దూరంగా ఎక్కడో అరెస్టయితే అక్కడ ఆస్తులున్న ష్యూరిటీ ఎక్కణ్ణించి తెస్తాడని. ఆ మోతీరామ్ కూడా తాపీమేస్త్రే, మేజిస్ట్రేట్ పదివేలకి ష్యూరిటీ అడిగితే సుప్రీం వెయ్యి రూపాయల బాండుకి వదలమంది. లోకల్ ష్యూరిటీయే కావాలని పట్టుబట్టొద్దని 2023 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది, ఆర్డర్ వచ్చి వారమైనా బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీకి తెలపాలని కూడా. మీవాళ్లెవరైనా అట్లా ఇరుక్కుంటే ముందు ఆ లీగల్ సర్వీసెస్ ఆఫీసుకి వెళ్లండి, డబ్బులు తీసుకోరు.