మాన్‌ఖుర్ద్‌లో ఒక కెమిస్ట్రీ వేసవి

మే నెల ఎండల్లో ముంబై సరదాకి ఎవరూ వెళ్లరు. ఇంటర్ అయిపోగానే కెమిస్ట్రీ ఒలింపియాడ్ (విద్యార్థుల అంతర్జాతీయ పోటీ) శిబిరానికి నా పేరు వచ్చింది. నాన్నా నేనూ వరంగల్‌లో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. తెల్లవారకముందే ముంబై సీఎస్‌ఎంటీ స్టేషన్లో దిగి, హార్బర్ లైన్ లోకల్‌లో మాన్‌ఖుర్ద్ చేరాం. అక్కడే హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రం. 1974లో మొదలైంది, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో భాగం. సైన్స్ ఒలింపియాడ్లకు మన దేశ జట్లను ఎంపిక చేసి తయారుచేసేది వీళ్లే.

"ర్యాంకు సంగతి పక్కనపెట్టు తల్లీ, ల్యాబు చూసుకో" అని చెప్పి నాన్న వెనక్కి బయల్దేరాడు. మా కాలేజీలో ప్రాక్టికల్స్ అంటే సీనియర్ల రికార్డు చూసి రాయడమేనని ఆయనకు తెలుసు. నిమిషానికో బిట్టు కొట్టడం మాకు బాగా వచ్చు. ద్రావణాన్ని కొలిచి చుక్కలుగా వదిలే గాజు గొట్టం, బ్యూరెట్, ముట్టుకున్నదే తక్కువ.

శిబిరంలో ఒక మేడమ్ నా పక్కనే నిలబడి అర చుక్క ఎలా వేయాలో చూపించారు. బ్యూరెట్ కొసన చుక్క వేలాడుతుండగానే స్టాప్‌కాక్ (దాని కుళాయి) కట్టేయాలి. దాన్ని ఫ్లాస్కు లోపలి గోడకు తాకించి, వాష్ బాటిల్ నీళ్లతో కిందికి దింపాలి. రంగు మారి ఎక్కడ ఆగాలో చెప్పే ఫినాఫ్తలీన్ లేత గులాబీ దగ్గరే ఆగాలి, ముదిరితే ఆ రీడింగు పోయినట్టే. మళ్లీ మళ్లీ చేస్తున్నా ఆవిడ ఒక్కసారీ తొందరపెట్టలేదు.

ఇంకోరోజు పేర్లు రాయని టెస్ట్‌ట్యూబులు ఇచ్చారు. వేరే రసాయనాలేవీ లేవు, వాటినే ఒకదాంతో ఒకటి కలిపి ఏది ఏదో తేల్చాలి. నీళ్లలా ఉన్న రెండు ద్రావణాలు కలవగానే చిక్కటి పసుపు అవక్షేపం దిగింది. లెడ్ అయొడైడ్! మరి ఆ రెంట్లో లెడ్ ఏది, అయొడైడ్ ఏది? ఆ ట్యూబుల్లోనే ఉన్న కార్బొనేట్ చుక్క వేస్తే తెల్లగా అయింది లెడ్. ఆ సాయంత్రం మెస్‌లో అన్నం చల్లారిపోతున్నా మా వాదన తెగలేదు. అంత ఆనందం నాకు ఏ ర్యాంకూ ఇవ్వలేదు.

అంతర్జాతీయ పోటీలో థియరీకి 60, ప్రాక్టికల్‌కు 40 మార్కులు, ఒక్కోటీ అయిదు గంటలు. జట్టులోకి నలుగురినే తీసుకుంటారు. ఆ నలుగురిలో నేను లేను, అయినా కెమిస్ట్రీనే చదువుకుంటున్నాను.

మన ఊళ్లలో చురుకైన పిల్లలకు కొదవ లేదు. పక్కన నిలబడి ఓపిగ్గా చూపించే మనిషి దొరకాలి. మీ ఇంట్లో ఇంటర్ పిల్లలుంటే నవంబరులో జరిగే ఒలింపియాడ్ మొదటి దశ పరీక్షకు ముందుగానే పేరు ఇప్పించండి. పాత ప్రశ్నపత్రాలు ఆ కేంద్రం వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉన్నాయి.