ఆర్సెనిక్ కేసు, ఎడిన్‌బరో రైలు

స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో మా పిన్ని కూతురి ఇంటికి వచ్చిన చుట్టాలంతా లాక్ లోమండ్ సరస్సు చూస్తారు, హైలాండ్స్ బస్సు టూర్ ఎక్కుతారు. నేనూ ఎక్కాను. పొగమంచులో ఏమీ కనపడలేదు. దాని సంగతి అంతటితో వదిలేద్దాం. విల్కీ కాలిన్స్ నవల ‘ది లా అండ్ ది లేడీ’ సగం చదివి విమానం ఎక్కడం వల్ల నా మిగతా ప్రయాణమంతా విషప్రయోగం కేసుల చుట్టూనే తిరిగింది.

1875లో వచ్చిన నవల అది. వలేరియా అనే అమ్మాయికి పెళ్లయ్యాక తెలుస్తుంది, మొగుడు చెప్పుకున్న పేరే అబద్ధమని. మొదటి భార్యకు ఆర్సెనిక్ అనే విషం పెట్టి చంపాడని అతని మీద ఎడిన్‌బరోలో కేసు నడిచింది. జ్యూరీ, అంటే కేసు విని తీర్పు చెప్పే మామూలు జనం, అతన్ని దోషి అనలేదు, నిర్దోషి అనీ అనలేదు. ‘నాట్ ప్రూవెన్’ అంది, అంటే రుజువు కాలేదని. ఇది స్కాట్లాండ్ వాళ్ల మూడో తీర్పు. మనిషిని వదిలేస్తారు, మచ్చ మాత్రం వదలదు. సంగతి భార్యకు తెలిసిపోయిందనగానే ఆ మహానుభావుడు ఆమెను వదిలి వెళ్లిపోతాడు. ఆవిడేమో ఇంట్లో పెద్దవాళ్లు వద్దంటున్నా వినకుండా, అచ్చయిన కేసు రిపోర్టు ముందేసుకుని, సాక్షుల గడపలు తొక్కుతూ తనే డిటెక్టివ్ అవుతుంది. చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకుని చదివిన నవలల్లో ఆడమనిషి అంటే శవమో, డిటెక్టివ్ గారి సెక్రటరీయో. కాబట్టి వలేరియా నాకు తెగ నచ్చింది. ఇంత తెలివైనది ఆ చేతకాని మొగుడి కోసం ఎందుకు తాపత్రయపడుతోందన్న చిరాకు కూడా చాప్టర్ చాప్టర్‌కీ పెరిగింది.

ఇలాంటి కేసు నిజంగానే జరిగిందనీ, ఆ ఇల్లు ఊళ్లోనే ఉందనీ చెల్లెలు చెప్పింది. సెంట్రల్ స్టేషన్ నుంచి ఎత్తు ఎక్కుతూ పోతే బ్లైత్స్‌వుడ్ స్క్వేర్ వస్తుంది. ఏడో నంబరు ఇల్లు. 1857లో అందులో ఒక ఆర్కిటెక్టు కుటుంబం ఉండేది, పెద్దమ్మాయి పేరు మాడలిన్ స్మిత్. పియర్ ఎమిల్ లాంజెలియే అనే గుమాస్తాతో రహస్యంగా ప్రేమ నడిపింది, వందల ఉత్తరాలు రాసింది. ఇంట్లోవాళ్లు డబ్బున్న సంబంధం కుదిర్చేసరికి ఉత్తరాలు వెనక్కి ఇమ్మని అడిగింది. ఇవ్వను, మీ నాన్నకు చూపిస్తానన్నాడు. ఆ మార్చి 23న అతను చచ్చిపోయాడు, పొట్టలో ఆర్సెనిక్ దొరికింది. ఆమె బెడ్‌రూమ్ కిటికీ పక్క వీధిలో నేలకు దగ్గరగా ఉంటుందని, అతను అక్కడికొచ్చి మాట్లాడేవాడని చదివాను. ఇప్పుడక్కడ ఉన్నవి ఆఫీసులు. వానలో గొడుగు పట్టుకుని ఆ కిటికీలకేసి చూస్తుంటే లోపల కంప్యూటర్ ముందు కూర్చున్నాయన నన్ను అనుమానంగా చూశాడు. నేనే కదిలిపోయాను.

ఆర్సెనిక్ కొనడం అప్పట్లో పెద్ద కష్టమేం కాదు. కాకపోతే 1851 చట్టం ప్రకారం కొన్నవాళ్లు షాపు పుస్తకంలో సంతకం పెట్టాలి, పొడిలో మసో నీలిమందో కలిపి అమ్మాలి. మాడలిన్ సొంత పేరుతోనే సంతకం పెట్టి కొంది. షాపులో ఎలుకల కోసమని చెప్పి, పోలీసులు పట్టుకున్నాక ముఖం తెల్లబడటానికి నీళ్లలో కలిపి కడుక్కున్నానంది. నవల్లో చనిపోయిన భార్యదీ అదే పిచ్చి, ఒంటి రంగు కోసం ఆర్సెనిక్. మన టీవీలో ఫెయిర్‌నెస్ క్రీముల గోల గుర్తొచ్చి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మర్నాడు క్వీన్ స్ట్రీట్ స్టేషన్‌లో ఎడిన్‌బరో రైలెక్కాను. స్టేషన్ దగ్గర టీ, ఒక స్కోను కలిపి మన డబ్బుల్లో ఎంతయిందో లెక్క వేసుకోకూడదని ఒట్టు పెట్టుకుని కూడా వేసుకున్నాను. ఆ డబ్బుతో ఇంటి దగ్గర నలుగురం టిఫిన్ తినేవాళ్లం.

ఎదురు సీట్లో డెబ్బై దాటిన ఒకావిడ అల్లిక పని చేసుకుంటోంది. ఫాల్కర్క్ దాకా మాటల్లేవు. తర్వాత నా చేతిలో పుస్తకం చూసి, “వలేరియా ఎక్కడిదాకా వచ్చింది?” అంది. అంత హాయిగా అడిగేసరికి మేమిద్దరం ఎప్పటినుంచో ఎరిగినవాళ్లం అయిపోయాం. మిగతా కథ చెప్పేస్తుందేమోనని టెన్షన్ పడ్డాను గానీ, చెప్పలేదు. మాడలిన్ గురించి మాత్రం బోలెడు చెప్పింది. తొమ్మిది రోజుల విచారణలో ఆ పిల్ల తన తరఫున ఒక్క మాట సాక్ష్యం చెప్పలేదు, చెప్పే వీలే లేదు. ముద్దాయికి ఆ హక్కు 1898 దాకా రాలేదు. ముందు ఇచ్చిన వాంగ్మూలం ఎవరో చదివి వినిపించారు, అంతే. ఇటు జ్యూరీలో పదిహేను మందీ మగవాళ్లే. వాళ్లే కూర్చుని ఆమె ప్రేమలేఖలన్నీ చదివించుకుని విన్నారు.

“నేనూ ఒకసారి జ్యూరీలో కూర్చున్నాను,” అంది సూదులు పక్కన పెట్టి. నేను కాస్త ముందుకు జరిగాను. మన దేశంలో జ్యూరీలు ఎప్పుడో పోయాయి, జ్యూరీ అంటే నాకు సినిమాల్లో చూసిందే. ఏం కేసు, ఏం తేల్చారు, ఎవరైనా గొడవ పడ్డారా అని వరసగా అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. గదిలో ఏం మాట్లాడుకున్నామో బయట చెబితే నేరమట. “మా ఆయనకే చెప్పలేదు. పోయేదాకా అడుగుతూనే ఉన్నాడు,” అని లిన్‌లిత్‌గోలో కోట కనబడితే అటు చూపించింది. నేను కోట చూడలేదు, ఆవిడ ముఖమే చూస్తున్నాను. ఆ మూడో తీర్పు గురించైనా ఏదో ఒకటి చెప్పండి అన్నాను. 2025లో వాళ్ల పార్లమెంటు దాన్ని రద్దు చేస్తూ చట్టం చేసింది కదా. కాసేపు ఆలోచించి, “మంచి పనే. కానీ కొన్నిసార్లు నిజంగానే తెలియదు,” అంది.

మా వీధిలో ఒకాయన మీద కేసు ఉండేది. కోర్టు కొట్టేసి ఎన్నేళ్లయినా, ఆయన అటు నడిచి వెళ్తుంటే అరుగుల మీద ఆ మాటే వచ్చేది. ఆవిడకు ఇది చెబితే, ఎక్కడైనా అంతే అన్నట్టు చెయ్యి ఊపి హేమార్కెట్‌లో దిగిపోయింది.

ఎడిన్‌బరో వేవర్లీ స్టేషన్‌లో దిగి మెట్ల సందులు ఎక్కితే సెయింట్ గైల్స్ చర్చి, దాని వెనక పార్లమెంట్ హౌస్. పేరు పార్లమెంటే గానీ ఇప్పుడు అందులో ఉన్నవి కోర్టులు. మాడలిన్ విచారణ జరిగింది ఈ ప్రాంగణంలోనే. లోపల పాత పార్లమెంటు హాలు చూడటానికి టికెట్ లేదు. పక్కనే కోట చూడటానికి జనం అంత డబ్బు పోసి క్యూలో నిలబడుతుంటే, ఇక్కడ సెక్యూరిటీ దగ్గర బ్యాగు చూపించి నేరుగా వెళ్లిపోయాను. పైన పదిహేడో శతాబ్దం నాటి చెక్క దూలాల కప్పు. కింద నల్లకోట్ల లాయర్లు ఇద్దరిద్దరుగా హాలు ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూ గుసగుసలాడుకుంటున్నారు. ఎవరి చెవినా పడకుండా ఇలా నడుస్తూ మాట్లాడుకోవడం ఇక్కడ పాత అలవాటేనట. నేనూ ఒక జంట వెనక కాస్త దూరం నడిచి చూశాను. నిజంగానే ఒక్క ముక్కా వినపడలేదు.

ముందు రెండుసార్లు విషం పెట్టి చంపబోయిందని, చివరికి చంపేసిందని మాడలిన్ మీద మూడు అభియోగాలు. 1857 జూలై 9న వచ్చిన తీర్పులో వాటికి మూడు జవాబులున్నాయి. మొదటి విషప్రయోగానికి నిర్దోషి, రెండోదానికి రుజువు కాలేదు, హత్యకూ రుజువు కాలేదు. ఆ చివరి రాత్రి వాళ్లిద్దరూ కలుసుకున్నారని ప్రాసిక్యూషన్ చూపించలేకపోయింది. ఆమె తర్వాత లండన్ వెళ్లి పెళ్లి చేసుకుంది, అమెరికాలో 1928 దాకా బతికింది. అన్నేళ్లలో ఎవరికైనా నిజం చెప్పిందేమో! వలేరియా లాంటిది ఒకతి వెళ్లి తలుపు తట్టి ఉంటే బాగుండేది.

రాత్రి గ్లాస్గోలో కంచాల ముందు మళ్లీ ఇదే చర్చ. మరిదిగారు ఒక్క క్షణం ఆగకుండా “దోషి” అన్నాడు. చెల్లెలు “ఆ ఉత్తరాలతో బెదిరించినవాడిది తప్పు. నిర్దోషి,” అంది. ఇద్దరూ నా వైపు చూశారు. నేను రుజువు కాలేదన్నాను.

“అది రద్దయిపోయింది వదినా, చెల్లదు,” అన్నాడు మరిది పప్పు గిన్నె తన దగ్గరే పట్టుకుని. “ఏదో ఒకటి తేల్చండి, అప్పుడే పప్పు.”