మారు అడిగితే రెండు డాలర్లు

"నో మనీ!" అని ఆవిడ గట్టిగానే అన్నారు. పక్క టేబుల్ వాళ్ళు తలెత్తి చూశారు.

నేనడిగింది ఇంతే. సోయా మొలకల కూర అయిపోయింది, ఇంకొంచెం కావాలి, ఎంతవుతుంది? ఆవిడ అరవై దాటిన మనిషి. ఖాళీ గిన్నె తీసుకెళ్ళి, నిండుగా తెచ్చి నా ముందు పెట్టి, "ఈట్" అని వెళ్ళిపోయారు. కోప్పడ్డారో, చనువుగా కసిరారో అప్పుడు తెలియలేదు. పెట్టే తిండికి లెక్క అడగడం ఆవిడకి నచ్చలేదని మాత్రం అర్థమైంది. మా అమ్మమ్మ దగ్గర ఇలాంటి ప్రశ్న వేసి ఉంటే నెత్తిన మొట్టికాయ పడేది.

లాస్ ఏంజెలస్‌లో మా క్లయింట్ ఆఫీసు విల్షైర్ బులవార్డ్ మీద, నార్మండీ మెట్రో స్టేషన్‌కి దగ్గర్లో ఉంది. అంటే కొరియాటౌన్ నడిబొడ్డున. అయినా మొదటి మూడు నెలలూ నేను ఆ పేటని చూడనే లేదు. డబ్బాలో పెరుగన్నం, సాయంత్రం మెట్రో, మధ్యలో డెడ్‌లైన్ల టెన్షన్. మా టీమ్‌లో ఒక కొరియన్ పెద్దాయన ఉన్నారు. రోజూ డెస్క్ దగ్గరే తినేస్తున్నానని చూసి, ఒకరోజు సూన్‌డుబు తినిపిస్తానని బయల్దేరదీశారు. ఆ "నో మనీ" ఆ రోజు మాటే.

సూన్‌డుబు అంటే మెత్తటి టోఫూ (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) పులుసు. నల్లటి మట్టిపాత్రలో కుతకుత ఉడుకుతూ టేబుల్ మీదికి వస్తుంది. పచ్చి గుడ్డు మనమే కొట్టి అందులో వేసుకోవాలి. అన్నం రాతి గిన్నెలో వస్తుంది. పైఅన్నం తీసుకుని, అడుగున పట్టిన చెక్క మీద వేడినీళ్ళు పోసి మూత పెడితే, చివర్లో గంజిలా తాగొచ్చు. నాకు ఇదంతా బాగానే ఉంది కానీ, పులుసు కంటే ముందే ఆరు చిన్న గిన్నెలు వచ్చాయి చూడండి, మనసు అక్కడే ఆగిపోయింది. క్యాబేజీ కిమ్చీ (ఊరబెట్టిన కారప్పచ్చడి), నువ్వుల నూనె, వెల్లుల్లి పట్టించిన పాలకూర, మొలకలు, కీరా ముక్కలు, తియ్యగా వండిన బంగాళాదుంప, చేప కేకు. వీటిని బాన్‌చాన్ అంటారు. ఏవీ మెనూలో ఉండవు. ఎన్నిసార్లు అయిపోతే అన్నిసార్లు పెడతారు. పెద్దాయన ఆవిడని "ఇమో" అని పిలిచారు. అమ్మ తోడబుట్టిన ఆడవాళ్ళని అలా పిలుస్తారట, హోటల్లో వడ్డించే పెద్దావిడకీ అదే పిలుపు. మనం ముక్కూ మొహం తెలియని ఆవిణ్ణి పిన్నిగారూ అన్నట్టే.

అప్పట్నుంచి శుక్రవారం సాయంత్రాలు ఆ పేటలోనే గడుస్తున్నాయి. ఒలింపిక్, వెస్టర్న్ కూడలిలో కొరియాటౌన్ గలేరియా అని ఉంది, లోపల పెద్ద కిరాణా. ఎండు నెత్తళ్ళు సైజుల వారీగా పేర్చి ఉంటాయి, వేపుడుకి చిన్నవి, పులుసు మరిగించడానికి పెద్దవి. ఎండు రొయ్యల వాసనకి మా బాపట్ల సంత గుర్తొచ్చి కాసేపు అక్కడే నిలబడిపోయాను. కారం కూడా బస్తాల్లో అమ్ముతారు. గుంటూరు కారం తిన్న నాలుకకి ఇది రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. (శాకాహారులకి ఒక మాట. మామూలు కిమ్చీలో ఉప్పులో ఊరిన రొయ్యలో, చేపల రసమో ఉంటుంది. అడిగి కొనండి.) చలికాలం ముందు ఊరంతా కలిసి కిమ్చీ పెట్టుకోవడాన్ని కిమ్‌జాంగ్ అంటారు. 2013లో యునెస్కో దాన్ని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మన ఆవకాయల కాలం ఏ జాబితాకి తక్కువ అని ఆ రోజంతా అనుకుంటూనే ఉన్నాను.

పెద్దాయనకి బదులుగా మన భోజనం పెట్టించాలి కదా. ఒక శనివారం మన తెలుగు హోటల్‌కి తీసుకెళ్ళాను. పేరు చెప్పను. ఆయనకి గోంగూర పచ్చడి ఎంత నచ్చిందంటే, అది కిమ్చీకి చుట్టంలా ఉందని మళ్ళీ అడిగారు. ప్లాస్టిక్ కప్పులో రెండు చెంచాలు తెచ్చారు. బిల్లులో "ఎక్స్‌ట్రా పచ్చడి, 2 డాలర్లు" అని ఉంది. ఉల్లిపాయ ముక్కలకి వేరే. బిల్లు ఆయన కంట పడకుండా మడిచేశాను. రెండు డాలర్లు నాకు లెక్క కాదు. అతిథి మారు అడిగితే దానికి రేటు కట్టడం, అదీ నా వాళ్ళు, నా పచ్చడికి!

బయటికి వచ్చే ముందు కౌంటర్ దగ్గర నెమ్మదిగా అడిగాను. ఓనరు మంచి మనిషే. "ఏం చేయమంటారండీ, అద్దెలు చూశారుగా. ఊరికే పెడితే సగం తిని సగం పారేస్తారు" అన్నారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. కొరియన్ హోటళ్ళలో ఆ గిన్నెల ఖర్చు పులుసు ధరలోనే కలిసి ఉంటుంది. పొద్దునే ఎక్కువ మొత్తంలో చేసి చల్లగా ఉంచుతారు. మన కూరలు వేడిగా ఉండాలి. ఇవన్నీ నాకు నేనే చెప్పుకున్నాను. కానీ గోంగూర పచ్చడి వేడిగా ఉండక్కర్లేదే! దాన్నీ ఒక్కసారే చేసి వారం వాడొచ్చు.

అద్దెల మాట మరీ మింగుడుపడలేదు. 1965 వలస చట్టం తెరిచిన తలుపు గుండానే కొరియన్లూ మనమూ పెద్ద సంఖ్యలో ఈ దేశానికి వచ్చాం. 1992 ఏప్రిల్ 29న మొదలైన అల్లర్లలో ఈ నగరంలో కొరియన్ల దుకాణాలు 2,000కు పైగా దెబ్బతిన్నాయి. ఆ రోజుని వాళ్ళు సా-ఇ-గు అంటారు, అంటే 4-2-9. ఎంతోమంది ఉన్నదంతా పోగొట్టుకున్నారు. అంత దెబ్బ తిన్నాక, గిన్నెకింత అని వసూలు చేసినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆ గిన్నెలు మాత్రం ఇప్పటికీ ఊరికే వస్తున్నాయి.

మనకి ఇది కొత్తా? విజయవాడలో మెస్సుకి వెళ్తే బకెట్ పట్టుకుని కుర్రాడు వరసలో తిరుగుతూనే ఉంటాడు. చెయ్యి అడ్డం పెట్టినా పప్పుచారు ఒక గరిటె పడాల్సిందే. బంతిలో కూర్చున్నవాడు మారు అడగకపోతే వంట బాగాలేదేమో అని ఇంటావిడ బాధపడుతుంది. సముద్రం దాటేటప్పుడు జాడీలు తెచ్చుకున్నాం, కారం తెచ్చుకున్నాం, ఇది ఎక్కడ వదిలేశామో తెలియడం లేదు. మూడు వారాలైంది, ఆ హోటల్‌కి వెళ్ళలేదు. గోంగూర మీద ఎంత మనసున్నా సరే.

మొన్న శుక్రవారం సూన్‌డుబు హోటల్లో నేనింకా కుర్చీ లాక్కోకముందే మొలకల గిన్నెలు రెండు తెచ్చి పెట్టారు ఆవిడ. నేను మొదటిసారి "ఇమో" అన్నాను. ఆవిడ నవ్వలేదు, కిమ్చీ గిన్నె కూడా కొంచెం నా వైపు జరిపారు.

రాత్రి అమ్మ ఫోన్ చేసి ఏం తిన్నావు అంది. పులుసూ, మొలకల కూరా అని చెప్పాను.

"మారు పెట్టించుకున్నావా?"

"అడక్కుండానే పెట్టారమ్మా."