సుద్ద పూత మీద నా కుంచె

ఇరవై రెండేళ్లుగా ప్లాస్టిక్ సైనికుల బొమ్మలను అతికించి రంగులు వేయడం నా వ్యాపకం. జపాన్‌కు చెందిన తమియా సంస్థ 1968లో మొదలుపెట్టిన 1:35 కొలత బొమ్మలంటే నాకు ప్రాణం. ఆ కొలతలో నిలువెత్తు మనిషి ఐదు సెంటీమీటర్లుంటాడు. అలాంటి నేను విజయవాడకు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండపల్లికి ఇన్నాళ్లూ వెళ్లలేదని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. మొన్నటి సంక్రాంతి సెలవుల్లో ఆ లోటు తీరింది.

బొమ్మల కాలనీలో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని మధ్యాహ్నమంతా చూశాను. తెల్లపొణికి కర్రకు సెగ చూపి తేమ పోగొడతారు. అంబారీ ఏనుగు భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. మా పెట్టెల్లో వచ్చే సైనికుల కాళ్లూ చేతులూ కూడా విడివిడిగానే ఉంటాయి. జిగురుతో అతికించి, అతుకు కనబడకుండా పుట్టీ పూసి, గరుకు కాగితంతో గంటల తరబడి రుద్దుతాం. ఇక్కడ జిగురూ పుట్టీ రెండూ మక్కే. నా బల్ల మీది డజను సీసాలు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

సుద్ద పూత ఆరిన కల్లుగీత కార్మికుడి బొమ్మను నా చేతికిచ్చి, వేసి చూడమన్నారు ఆ ఇంటావిడ. అలవాటు ప్రకారం రంగును పాలలా పలుచగా కలిపి, జేబులో తెచ్చుకున్న సన్నటి కుంచెతో పంచె అంచు గీశాను. ప్లాస్టిక్ మీదైతే గీత గీసినచోటే నిలుస్తుంది, తప్పితే తడిగుడ్డతో తుడిచేయవచ్చు. ఇక్కడ ఎరుపు క్షణంలో మోకాలిదాకా పాకింది.

"అంత నీళ్లగా కలిపితే సుద్ద తాగేస్తుంది బాబూ," అన్నారావిడ.

తరువాత తన మేకవెంట్రుకల కుంచె అందుకుని కనుబొమ ఒక గీత, కన్ను ఒక గీత, నల్లగుడ్డు ఒక చుక్క పెట్టి, మాట్లాడుతూనే బొమ్మను పక్కన పెట్టేశారు. ఒక సైనికుడి కళ్లకు నేను భూతద్దం కింద ఊపిరి బిగబట్టి సాయంత్రమంతా వెచ్చిస్తాను. అయినా మెల్లకన్ను తప్పదు.

రంగు వేయని బొమ్మలు రెండు కొనుక్కున్నాను. ఒకదానికి పంచె వరకూ వచ్చింది. కళ్లు ఇంకా పెట్టలేదు.