సెప్టెంబరు 5, సైడ్ ఎ

బెజవాడలో మావాడు లెక్కల మాస్టారు. ఏటా సెప్టెంబరు 5న ఎవరో ఒకరు శాలువా కప్పుతారు. అదయ్యే వేళకి నేను గుంటూరులో బస్సెక్కుతాను. లోకానికి అది రాధాకృష్ణన్ గారి పుట్టినరోజు. మా ఇద్దరికీ క్వీన్ బ్యాండు గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీది కూడా.

ఈసారి మంగళగిరి దాటేదాకా చినుకులే. వారధి మీదికొచ్చేసరికి కింద కృష్ణ ఎర్రగా, ఒడ్డులొరుసుకుంటూ ఉంది. కిటికీ పక్కనావిడ రూపాయి బిళ్ల నీళ్లలోకి విసిరి దండం పెట్టుకుంది.

బస్టాండు బయట మావాడు స్కూటర్ మీద, శాలువాతోనే. "తీసెయ్యరా, పెళ్లికొడుకులా ఉన్నావు" అంటే "ఉండనీరా, ఏడాదికోసారేగా" అన్నాడు. పొద్దున తొమ్మిదో తరగతికి 1985 లైవ్ ఎయిడ్ కచేరీలో ఫ్రెడ్డీ పాడిన వీడియో చూపించాడట. వెంబ్లీ స్టేడియం జనమంతా ఊగిపోతుంటే ఒక పిల్లాడు లేచి, "సార్, మైకుకి కర్ర సగమే ఉందేంటి?" అన్నాడట. వాడికి వంద మార్కులెయ్యాలి.

ముందు ఏలూరు రోడ్డుకెళ్లాం. 1989లో అక్కడో సందులో క్యాసెట్లు రికార్డు చేసిచ్చే కొట్టుండేది. ఘంటసాల, బాలు పాటల చిట్టీల మధ్య మేం క్వీన్ కావాలంటే కొట్టాయన ఎగాదిగా చూశాడు. 60 నిమిషాల క్యాసెట్లో సైడ్ ఎ చివర 'బొహీమియన్ రాప్సొడీ' ఎక్కించాడు. పాటేమో 5 నిమిషాల 55 సెకన్లు, మిగిలిన టేపేమో మూడున్నర నిమిషాలు. గుంపుగా ఒపెరా ఎత్తుకున్నారో లేదో, టక్కున తెగిపోయేది. తర్వాత ఏముందో ఏళ్లపాటు మాకు తెలీదు. అడగడానికి మొహం చెల్లలేదు, డబ్బులు సగమే ఇచ్చాం మరి.

1991 నవంబరులో ఫ్రెడ్డీ పోయాడు. అసలు పేరు ఫరోఖ్ బుల్సారా అని, పార్సీ అని మాకు ఆ తర్వాతే తెలిసింది. 1946లో జాంజిబార్‌లో పుట్టినా, చదువు మహారాష్ట్రలోని పంచగనిలో, సెయింట్ పీటర్స్ హాస్టల్లో. మొదటి బ్యాండు హెక్టిక్స్ కూడా అక్కడిదే. "మనూరి పక్కనే కదరా!" అన్నాడు అప్పట్లో మావాడు. సోషల్ కాకుండా లెక్కలు చెప్పడమే మేలయింది.

ఆ కొట్టులో ఇప్పుడు ఫోన్ కవర్లమ్ముతున్నారు. ఆగలేదు.

కేకు బదులు మిరపకాయ బజ్జీలు కట్టించుకుని సీతానగరం ఘాటు పైమెట్ల మీద కూర్చున్నాం. బ్యారేజీ గేట్లెత్తారు. ఆ హోరులో స్పీకరేం వినిపిస్తుంది? ఇయర్‌ఫోను చెరొకటి పెట్టుకున్నాం. పియానో అయింది, గిటారు అయింది, ఒపెరా మొదలైంది. క్యాసెట్ తిప్పబోతున్నట్టు మావాడి చెయ్యి లేచింది.

"ఇంకా ఉందిరా" అన్నాను.

"తెలుసులే" అన్నాడు, బజ్జీ నూనె శాలువాకి తుడుచుకుంటూ.