దయ నేర్పుతూ మనం దాటేసే మాట

“దయామయులు ధన్యులు, వారు దయను పొందుదురు” (మత్తయి 5:7). ఒక ఆదివారం పూజ ముగిశాక సత్యోపదేశం తరగతిలో ఈ వాక్యాన్ని బోర్డు మీద రాసి పిల్లల చేత రెండుసార్లు చదివించాను. పదేళ్ల పాప ఒకతె చెయ్యెత్తింది. “టీచర్, నా వెనక బెంచీ అబ్బాయి రోజూ నా జడ లాగుతాడు. రోజూ క్షమిస్తూనే ఉండాలా?”

“అవునమ్మా, దేవుడు మనల్ని క్షమించడం లేదా?” అని తర్వాతి వాక్యానికి వెళ్లిపోయాను. పాప చెయ్యి దించి కూర్చుంది. ఆ ముఖం వారమంతా నన్ను వదలలేదు.

నేను చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. మగపిల్లలకు ధైర్యం, ఆడపిల్లలకు ఓర్పు అని పంచిపెట్టడం మనకు ఎంత అలవాటైపోయిందంటే, సువార్త చెప్పే దయను కూడా ఓర్పు ఖాతాలోనే వేసేస్తాం. శ్రీసభ, అంటే కతోలిక క్రైస్తవ సంఘం, నేర్పే దయాకార్యాలు పద్నాలుగు. శరీరానికి సంబంధించినవి 7, ఆత్మకు సంబంధించినవి 7. అపరాధాలను క్షమించడం, అన్యాయాన్ని ఓపికతో భరించడం ఆ రెండో వరుసలో ఉన్న మాట నిజమే. తప్పు చేసేవారిని సరిదిద్దడం కూడా ఆ వరుసలోనే ఉంది! ఆడపిల్లల దగ్గరికి వచ్చేసరికి దాన్ని దాటేస్తాం. “జడ లాగకు, నాకు నొప్పి పుడుతోంది” అని ఆ అబ్బాయి ముఖం మీదే చెప్పడం దయకు విరుద్ధమని ఆ పాప అనుకుంటే, ఆ తప్పు నేర్పిన మనది.

పాత నిబంధనలో దేవుని దయకు వాడిన హెబ్రీ మాటల్లో ఒకటి ‘రహమీమ్’. గర్భం అనే అర్థమున్న ‘రెహెమ్’తో దానికి చుట్టరికం. తెలుగువాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. ఎవరి బిడ్డ ఏడ్చినా “కడుపు తరుక్కుపోయింది” అంటాం కదా. లూకా సువార్త 10లో దొంగలు కొట్టి దారిలో వదిలేసిన మనిషిని యాజకుడూ చూశాడు, లేవీయుడూ చూశాడు, ఇద్దరూ పక్కగా వెళ్లిపోయారు. సమరయునికి మాత్రం కడుపు తరుక్కుపోయింది. దగ్గరికి వెళ్లి నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. అంతా చేసింది అతని చేతులే.

చేతులతో చూపే ఈ దయను పిల్లలకు చెప్పాలంటే నాకు ముందు గుర్తొచ్చేది పునీత (సెయింట్) ఫౌస్టీనా. పోలండ్‌లో 1905లో ఓ పేద రైతు కుటుంబంలో పుట్టింది, పదిమంది పిల్లల్లో మూడోది. చదువు మూడేళ్లు కూడా సాగలేదు. ఇళ్లలో పనిమనిషిగా చేసి, 1925లో మఠంలో చేరింది. కష్టాల్లో ఉన్న ఆడపిల్లలకు, స్త్రీలకు ఆశ్రయమిచ్చే సభ అది. అక్కడ ఆమెకు దొరికిన పని వంట, తోట, గేటు దగ్గర కాపలా. ఒక వాన రోజున, చలిలో, చెప్పులు కూడా లేని ఓ యువకుడు గేటు దగ్గరికి వచ్చి వేడిగా ఏమైనా పెట్టమని అడిగాడు. వంటింట్లో పేదల కోసం ఏమీ మిగల్లేదు. ఆమె ‘లేదు’ అనకుండా వెతికింది. కాస్త సూపు కనిపిస్తే మళ్లీ వేడి చేసి, అందులో రొట్టె తుంచి వేసి తెచ్చి ఇచ్చింది. ఖాళీ గిన్నె అందుకుంటున్నప్పుడు ఆ వచ్చింది ప్రభువేనని తెలిసిందని తన దినచర్యలో రాసుకుంది. ఆ రొట్టె తుంచి వేయడం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఆకలి మీద ఉన్నవాడికి ఒట్టి సూపు చాలదని ఎవరూ చెప్పకుండానే ఆమెకు తట్టింది.

దయ చూపడానికి మూడు దారులు ఉన్నాయని కూడా ఆమె రాసింది: చేత, మాట, ప్రార్థన. ఆమెను 2000లో పునీతగా ప్రకటించిన రోజునే, పాస్కా (ఈస్టర్) తర్వాతి ఆదివారాన్ని దైవ కారుణ్య ఆదివారంగా జరుపుకోవాలని పోపు రెండవ జాన్‌పాల్ గారు ప్రకటించారు.

కాస్త పెద్ద పిల్లలకు పునీత మరియ గొరెట్టి గురించి చెబుతాం. తనను పొడిచినవాణ్ని 1902లో మరణశయ్య మీద క్షమించిన పదకొండేళ్ల పాప. ఇక్కడ చెప్పేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. ఆమె క్షమాపణ ఒక్కటే చెప్పి ఊరుకోకూడదు. అంతకుముందు తనను చెరచబోయిన అతనికి ఆమె ఎదురు తిరిగింది, ఇది పాపమని అతని ముఖం మీదే చెప్పింది. ఆమె క్షమించినా, న్యాయస్థానం అతనికి 30 ఏళ్ల శిక్ష వేసింది. తనకు హాని చేసినవాడి గురించి అమ్మకో టీచరుకో చెప్పడం క్షమించలేకపోవడం కాదని ప్రతి ఆడపిల్లకూ మన నోటితో వినిపించాలి.

మరుసటి ఆదివారం నేను బోర్డు మీద ఏమీ రాయలేదు. ఆ పాపను దగ్గరికి పిలిచి, పోయిన వారం నీకు సగమే చెప్పానమ్మా అని, మిగతాది అందరి ముందూ చెప్పాను. వద్దని అబ్బాయికి గట్టిగా చెప్పు, వినకపోతే మీ టీచరుకు చెప్పు, అప్పుడు క్షమించు, ప్రార్థించు అన్నాను. “రెండూ చేయొచ్చా?” అని అడిగింది. చేయొచ్చన్నాను.

తరగతి ముగిసే ముందు పిల్లలు ఒక్కొక్కరూ ఎవరి కోసం ప్రార్థించాలో పేరు చెబుతారు. అమ్మమ్మలు, తాతయ్యలు, జ్వరం వచ్చిన తమ్ముళ్లు అయ్యాక ఆ పాప వంతు వచ్చింది. ఓ అబ్బాయి పేరు చెప్పింది. చెబుతున్నంతసేపూ జడను ముందుకు వేసుకుని గట్టిగా పట్టుకునే ఉంది.